యాక్టోఫోటోమీటర్ రివ్యూ: కెఫీన్‌కి సరే, ఆంఫెటమైన్‌కి కెమెరా తోడు కావాలి

ఫార్మసీ కాలేజీ ఫార్మకాలజీ ల్యాబులో రోటారాడ్ (జంతువు పడిపోకుండా నిలబడగలదో చూసే తిరిగే కడ్డీ) పక్కన ఒక చదరపు పెట్టె కనిపిస్తుంది. పైన మూత, ముందు డిజిటల్ కౌంటరు, ఒక రీసెట్ బటన్. లోపల గోడల్లో ఒకవైపు కాంతి వచ్చే బిందువులు, ఎదుటివైపు ఆ కాంతిని పసిగట్టే ఫోటోసెల్స్. లోపల వదిలిన చిట్టెలుక ఆ కాంతి కిరణాన్ని అడ్డగించినప్పుడల్లా కౌంటరులో ఒక అంకె పెరుగుతుంది. పది నిమిషాలకి ఎన్ని అంకెలు పడ్డాయో, జంతువు అంత చురుగ్గా ఉన్నట్టు లెక్క. ఇదే యాక్టోఫోటోమీటర్. మన దేశంలో దొరికే మామూలు మోడల్‌లో సాధారణంగా ఆరు కిరణాలు ఉంటాయి. ధర వేలల్లో ఉంటుంది. వీడియో ట్రాకింగ్ సిస్టమ్ ధర లక్షల్లో ఉంటుంది కాబట్టి చాలా కాలేజీలు దీంతోనే సరిపెట్టుకుంటున్నాయి.

బీఫార్మసీ నాలుగో సెమిస్టర్ ఫార్మకాలజీ ప్రాక్టికల్స్‌లో ఈ ప్రయోగం ఉంది. కాకపోతే పీసీఐ (ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) సిలబస్ ప్రకారం అక్కడ అది సాఫ్ట్‌వేర్, వీడియోల మీదే. బతికున్న జంతువుతో ఈ పెట్టెని వాడేది ఎంఫార్మసీ, పీహెచ్‌డీ వాళ్లు, సంస్థ జంతు నైతిక కమిటీ అనుమతి ఉన్నవాళ్లు. ఈ రివ్యూ వాళ్ల కోసం. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, మందు ఇచ్చి జంతువుని పరిగెత్తించి, దానికి ఏ రిసెప్టర్ (మందు అతుక్కుని పనిచేసే కణ భాగం) కారణమో తేల్చాలనుకునేవాళ్ల కోసం. పెట్టె లెక్కపెట్టేది కిరణం తెగిన సార్లని మాత్రమే. మెదడు రసాయనాలైన డోపమైన్‌నీ లెక్కపెట్టదు, అడినోసిన్‌నీ లెక్కపెట్టదు. అంకెకీ రిసెప్టర్‌కీ మధ్య ఉన్న దూరాన్ని ప్రయోగం రూపంతో మనమే పూడ్చాలి. పూడ్చడం ఏ మందుకి సులువు, ఏ మందుకి కష్టం అన్నదాన్ని బట్టే ఈ పెట్టెకి మార్కులు వేయాలి.

పెట్టె విప్పగానే చేయాల్సిన పరీక్షలు

ముందు ఖాళీ పెట్టెని పది నిమిషాలు ఆన్ చేసి వదిలేయండి. కౌంటరు సున్నా దగ్గరే ఉండాలి. అంకెలు పడుతున్నాయంటే రెండు అనుమానాలు. కిటికీలోంచి ఎండ నేరుగా ఫోటోసెల్ మీద పడుతోందేమో చూడండి. లేదా ట్యూబ్‌లైట్ మినుకు దాన్ని తికమకపెడుతోందేమో చూడండి. మన కరెంటు యాభై హెర్ట్జ్ కాబట్టి పాత చోక్ ట్యూబ్‌లైట్ సెకనుకి వందసార్లు మినుకుతుంది. మన కంటికి తెలియకపోయినా చవక సెన్సారుకి తెలుస్తుంది. మూత మూసినా అంకెలు ఆగకపోతే వోల్టేజ్ ఎగుడుదిగుళ్లు కారణం కావచ్చు. స్టెబిలైజర్ పెట్టి మళ్లీ చూడండి.

తర్వాత నల్ల గుడ్డ చుట్టిన పెన్సిల్‌తో ఒక్కో కిరణాన్ని నిదానంగా పదిసార్లు తెంచండి. ఒక్కో దానికి సరిగ్గా పది పడాలి. తొమ్మిది పడినా, పదమూడు పడినా ఆ సెల్‌ని నమ్మకూడదు. తక్కువ పడితే సెల్ మసకబారిందని, ఎక్కువ పడితే అంచు దగ్గర సిగ్నల్ వణుకుతోందని అర్థం. ఆరింటిలో ఒకటి చచ్చిపోయినా కౌంటరు మామూలుగానే తిరుగుతుంది. అందుకే ఆ లోపం నెలల తరబడి ఎవరి కంటా పడదు. ప్రయోగం జరిగే ప్రతి ఉదయం చేయాల్సిన పరీక్ష ఇది, రెండు నిమిషాల పని.

కిరణాలు నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో స్కేలు పెట్టి కొలవండి. చిట్టెలుకకి సుమారు రెండు సెంటీమీటర్ల ఎత్తు చాలు. ర్యాట్‌కి, అంటే ల్యాబులో వాడే పెద్ద ఎలుకకి, నాలుగైదు కావాలి. ఒకే పెట్టెని రెండింటికీ అమ్ముతుంటారు. ర్యాట్ ఎత్తులో ఉన్న కిరణం కింద నుంచి చిట్టెలుక హాయిగా దూరిపోతుంది, వెనక కాళ్ల మీద లేచినప్పుడు మాత్రమే లెక్కకి వస్తుంది. చిట్టెలుక ఎత్తులో ఉన్న కిరణాన్నేమో ర్యాట్ తోక కూడా తెంచుతుంది.

కిరణాలు ఒక దిశలోనే ఉన్నాయా, రెండు దిశల్లో అడ్డంగా నిలువుగా ఉన్నాయా అన్నది కూడా ముఖ్యమే. ఒకే దిశలో ఉంటే, గోడ పక్కనే కిరణానికి సమాంతరంగా పరిగెత్తే జంతువు ఎంత ఉరికినా అంకె పడకపోవచ్చు. ఉత్తేజకం ఎక్కిన చిట్టెలుకలు గోడ వెంబడే తిరగడానికి ఇష్టపడతాయి కాబట్టి ఇది చిన్న విషయం కాదు. రెండు దిశల మోడల్ దొరికితే అదే తీసుకోండి. బల్బు బదులు ఇన్‌ఫ్రారెడ్ కాంతి వాడే మోడల్ ఇంకా మేలు. ఎలుక జాతి కంటికి ఇన్‌ఫ్రారెడ్ కనబడదు, కాబట్టి వెలుగంటే భయపడే జంతువు ఆ మూల వదిలి ఈ మూలకి చేరే బెడద తప్పుతుంది.

కెఫీన్: ఈ పెట్టె బాగా చేసే పని

కెఫీన్‌తో ఈ పరికరం నిజంగా బాగుంటుంది. ఆంఫెటమైన్ అనే ఉత్తేజకం ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం కిందికి వస్తుంది కాబట్టి దాన్ని కొనాలన్నా నిల్వ చేయాలన్నా అనుమతుల తతంగం ఉంటుంది. కెఫీన్‌కి ఆ బాధ లేదు. చిట్టెలుకకి కిలో బరువుకి 10 నుంచి 30 మిల్లీగ్రాముల మధ్య ఉదర కుహరంలోకి ఇంజెక్షన్‌గా ఇస్తే కౌంటు స్పష్టంగా పెరుగుతుంది. వంద మిల్లీగ్రాములకి వెళ్తే తిరగబడుతుంది, జంతువు మందగిస్తుంది. ఈ ఎక్కుదిగుడు వక్రం కెఫీన్ స్వభావం. అందుకని ఒకే డోసు పెట్టి ‘ఉత్తేజకం కాదు’ అని తేల్చేయకండి. కనీసం మూడు డోసులు పెట్టాలి.

ద్రావణం లెక్క (ఇక్కడి నుంచి డోసులన్నీ కిలో బరువుకి): 20 మి.గ్రా. డోసుకి, కిలోకి 10 మి.లీ. చొప్పున ఇవ్వాలంటే మి.లీ.కి 2 మి.గ్రా. గాఢత. 25 గ్రాముల చిట్టెలుకకి 0.25 మి.లీ., అంటే అర మిల్లీగ్రాము కెఫీన్. సెలైన్‌లో ఈ గాఢత తేలిగ్గా కరుగుతుంది. తప్పు జరిగేది సీసా మీది లేబుల్ దగ్గర. కెఫీన్ సిట్రేట్ అని రాసి ఉంటే అందులో కెఫీన్ దాదాపు సగమే. దాన్ని నిర్జల కెఫీన్ అనుకుని తూచితే 20 అనుకున్నది 10 అవుతుంది. రెండు బ్యాచ్‌ల ఫలితాలు ఎందుకు కలవడం లేదని తల బాదుకునేవాళ్లు ముందు సీసా చూసుకోవాలి.

కెఫీన్ ఏ రిసెప్టర్ మీద పనిచేసి జంతువుని పరిగెత్తిస్తుంది? అడినోసిన్ ఏ1, ఏ2ఏ రిసెప్టర్లు రెండింటినీ అది అడ్డుకుంటుంది. పరుగుకి ప్రధానం ఏ2ఏ. స్ట్రయేటమ్ అనే మెదడు భాగంలో డోపమైన్ డి2 రిసెప్టర్ ఉన్న న్యూరాన్ల మీదే ఈ ఏ2ఏ కూడా ఉంటుంది, డి2 చేసే పనికి ఎదురు పని చేస్తుంది. కెఫీన్ ఆ బ్రేకు మీది కాలు తీసేస్తుంది. 1997లో లెడెంట్ బృందం ఏ2ఏ జన్యువు లేని చిట్టెలుకలని తయారుచేసి చూస్తే, వాటిలో కెఫీన్ కదలికని పెంచకపోగా తగ్గించింది. ఈ ఒక్క ఫలితం తెలిసి ఉంటే, ఎక్కువ డోసులో కౌంటు ఎందుకు పడిపోతుందో కూడా ఊహకి అందుతుంది. పరుగు పెంచే ఏ2ఏ దారి పక్కన, పరుగుని అణిచే వేరే దారులు కూడా కెఫీన్‌కి ఉన్నాయి. డోసు పెరిగేకొద్దీ అవి పైచేయి సాధిస్తాయి.

కెఫీన్ పరుగుకి డోపమైన్ కూడా తోడు కావాలి. డోపమైన్ డి1 రిసెప్టర్ అవరోధకం (దాన్ని అడ్డుకునే మందు) ఇచ్చినా, హాలోపెరిడాల్ లాంటి డి2 అవరోధకం ఇచ్చినా కెఫీన్ కౌంటు తగ్గుతుంది. కాబట్టి ‘హాలోపెరిడాల్ ఇస్తే తగ్గింది, కనుక కెఫీన్ నేరుగా డి2 మీద పనిచేస్తుంది’ అని రికార్డులో రాస్తే తప్పు. గొలుసులో కింది లంకె తెంచితే పై లంకె లాగినా గంట మోగదు. అది పై లంకె ఎక్కడుందో చెప్పదు.

లెక్కని పాడుచేసే పాత అలవాటు

చాలా మాన్యువళ్లలో పద్ధతి ఇలా ఉంటుంది: జంతువుని పెట్టెలో పది నిమిషాలు ఉంచి కౌంటు తీసుకో, మందు ఇవ్వు, అరగంట తర్వాత అదే జంతువుని మళ్లీ పదినిమిషాలు ఉంచు, శాతం తేడా లెక్కగట్టు. కదలిక తగ్గించే క్లోర్‌ప్రోమజైన్‌కి ఈ పద్ధతి అద్భుతంగా పనిచేసినట్టు కనిపిస్తుంది. ఎందుకంటే మందే లేకపోయినా అది పనిచేస్తుంది! కొత్త పెట్టెలో పడ్డ చిట్టెలుక మొదటిసారి మూలమూలా వాసన చూస్తూ తిరుగుతుంది. రెండోసారి అదే పెట్టె పాతదై కదలిక తగ్గుతుంది. మొదట 300 పడిందనుకుందాం. సెలైన్ మాత్రమే ఇచ్చి మళ్లీ పెడితే 200 పడవచ్చు. మందు ఇచ్చిన జంతువుకి 180 పడితే, నలభై శాతం తగ్గించిందని రాస్తారు. నిజానికి మందు తగ్గించింది 200కీ 180కీ మధ్య ఉన్న ఆ ఇరవై అంకెలు మాత్రమే.

ఉత్తేజకాలకి ఇది ఇంకో రకంగా దెబ్బ కొడుతుంది. కొత్త చోటు ఉత్సుకతతో కౌంటు ముందే పైకప్పు తాకి ఉంటే, మందు వల్ల పెరగడానికి చోటెక్కడిది? అందుకని ముందు 30 నుంచి 60 నిమిషాలు ఖాళీగా పెట్టెలో అలవాటు పడనివ్వండి, కౌంటు కిందికి దిగనివ్వండి, అప్పుడు మందు ఇచ్చి అందులోనే మళ్లీ పెట్టండి. సెలైన్ గుంపు తప్పనిసరి. ప్రతి డోసుకీ వేరే జంతువులు. ఒకే జంతువుకి పదేపదే ఆంఫెటమైన్ ఇస్తే రోజురోజుకీ కౌంటు పెరుగుతుంది, దాన్నే సెన్సిటైజేషన్ అంటారు. రోజూ కెఫీన్ ఇస్తే అలవాటుపడి తగ్గుతుంది. పాత బ్యాచ్ జంతువులని ‘విశ్రాంతి ఇచ్చాంలే’ అని మళ్లీ వాడితే రిసెప్టర్ల చరిత్ర కూడా లెక్కలో కలిసిపోతుంది.

ఇక్కడ పరికరం మీద ఒక ఫిర్యాదు ఉంది. మామూలు మోడల్ మొత్తం అంకె ఒక్కటే చూపిస్తుంది. అయిదేసి నిమిషాల ముక్కలుగా విడగొట్టి దాచుకోదు. అలవాటు పడటం, మందు ఎక్కడం, దిగడం అన్నీ కాలం మీద నడిచే సంగతులు. కాబట్టి ఒక మనిషి గడియారం పట్టుకుని ప్రతి అయిదు నిమిషాలకీ అంకె రాసుకోవాలి. గంట ప్రయోగానికి పన్నెండు అంకెలు. టైమ్-బిన్ సదుపాయం ఉన్న మోడల్‌కి కాస్త ఎక్కువ ధర పెట్టడం వృథా కాదు.

ఆంఫెటమైన్ దగ్గర పెట్టె బోల్తా

ఆంఫెటమైన్ డోపమైన్ ట్రాన్స్‌పోర్టర్‌ని తిరగేసి నడిపిస్తుంది. లోపలికి లాక్కోవాల్సిన డోపమైన్‌ని బయటికి కక్కిస్తుంది. బయటికొచ్చిన డోపమైన్ డి1, డి2 తరగతి రిసెప్టర్లని తాకుతుంది. చిట్టెలుకకి 2–3 మి.గ్రా. డోసులో పరుగు మొదలవుతుంది, పెట్టె బాగానే లెక్కపెడుతుంది. డోసుని ఇంకా పెంచి 5, 10 దాకా తీసుకెళ్తే కౌంటు పెరగాలి కదా? పెరగదు, చాలాసార్లు పడిపోతుంది. మూత తీసి చూస్తే జంతువు మందగించలేదని తెలుస్తుంది. ఒకే మూల నిలబడి తల ఆడిస్తూ, ఆగకుండా వాసన చూస్తూ, నేలని నాకుతూ, కొరుకుతూ ఉంటుంది. ఇది స్టీరియోటైపీ. మెదడు పరంగా ఇది అధిక చురుకుదనం. పెట్టె పరంగా మాత్రం శాంతంగా కూర్చున్న జంతువు. లేదా అంతకంటే ఘోరం: సరిగ్గా కిరణం మీదే తల ఆడిస్తుంటే వందలకొద్దీ అంకెలు పడతాయి, ఊళ్లో పెళ్లికి కుక్కల హడావుడి అన్నట్టు.

ఈ రెండు ప్రవర్తనలూ మెదడులో రెండు చోట్ల నుంచి వస్తాయని 1975లోనే కెల్లీ, సెవియర్, ఐవర్సన్ చూపించారు. ర్యాట్లలో 6-హైడ్రాక్సీడోపమైన్ అనే విషంతో, మెదడులో న్యూక్లియస్ అకంబెన్స్ అనే భాగంలోని డోపమైన్ నరాల చివళ్లని నాశనం చేస్తే ఆంఫెటమైన్ పరుగు పోయింది. కాడేట్ అనే ఇంకో భాగం వైపు నాశనం చేస్తే స్టీరియోటైపీ పోయింది. అంటే యాక్టోఫోటోమీటర్ ప్రధానంగా అకంబెన్స్ గొంతు వినే పరికరం. కాడేట్ గొంతు పెంచితే దీనికి చెవుడు వస్తుంది.

చెవుడు వల్ల వచ్చే అసలు నష్టం అవరోధకం ఇచ్చినప్పుడు బయటపడుతుంది. పెద్ద డోసు ఆంఫెటమైన్‌తో స్టీరియోటైపీలో ఉన్న జంతువుకి చిన్న డోసు డి2 అవరోధకం ఇచ్చారనుకోండి. స్టీరియోటైపీ సడలి జంతువు మళ్లీ తిరగడం మొదలుపెడుతుంది, కౌంటు పెరుగుతుంది. ‘డి2 అవరోధకం ఆంఫెటమైన్ ప్రభావాన్ని పెంచింది’ అనే తలకిందుల నిర్ధారణ కాగితం మీదికి వచ్చేస్తుంది.

విరుగుడు చవకే. పై మూత తీసేసి పారదర్శకమైన యాక్రిలిక్ పలక పెట్టించండి. దాని మీద మొబైల్ ఫోన్ స్టాండుకి బిగించి వీడియో తీయండి. ప్రతి అయిదు నిమిషాల్లో చివరి నిమిషం చూసి స్టీరియోటైపీకి మార్కు వేయండి. 1973లో క్రీస్, ఐవర్సన్ వాడిన 0 నుంచి 6 స్కేలు ఇప్పటికీ పనికొస్తుంది: నిద్రలో లేదా కదలకుండా ఉంటే సున్నా, ఒకేచోట ఆగకుండా నాకుతూ కొరుకుతూ ఉంటే ఆరు. మార్కు వేసేవాళ్లకి ఏ జంతువుకి ఏ మందు ఇచ్చారో తెలియకూడదు. కౌంటు, స్టీరియోటైపీ మార్కు రెండూ ఒకే గ్రాఫు మీద గీస్తే డోసు పెరిగేకొద్దీ ఒకటి దిగుతుంటే ఒకటి ఎక్కడం కళ్లకి కడుతుంది.

ఆంఫెటమైన్ విషయంలో వేసవి జాగ్రత్త ఒకటుంది. ఈ మందు ఒంటి వేడిని పెంచుతుంది. ఒంటరిగా ఉన్న చిట్టెలుక తట్టుకునే డోసు, గుంపుగా కుక్కిన చిట్టెలుకలని చంపేస్తుందని 1946లో చాన్స్ చూపించాడు. గది వేడి పెరిగితే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో రామగుండంలోనో విజయవాడలోనో ఏసీ ఆగిపోయిన గదిలో ఆంఫెటమైన్ ప్రయోగం మొదలుపెట్టకూడదు. గది 22–24 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి, మందు ఇచ్చాక జంతువులని ఒక్కొక్కటిగా వేరు బోనుల్లో ఉంచాలి.

డోపమైన్ ఎక్కువైతే పరుగు, తగ్గితే మందకొడితనం అనే సూటి లెక్క కూడా ప్రతిచోటా నిలవదు. 1996లో గిరోస్, కేరన్ బృందం డోపమైన్ ట్రాన్స్‌పోర్టర్ లేని చిట్టెలుకలని తయారుచేసింది. అవి మందు లేకుండానే విపరీతంగా తిరుగుతాయి. వాటికి కొకెయిన్, ఆంఫెటమైన్ ఇచ్చినా పరుగు ఇంకా పెరగలేదు. 1999లో గైనెట్డినోవ్ బృందం అదే చిట్టెలుకలకి ఉత్తేజకాలు ఇస్తే అవి నెమ్మదించాయి. సెరటోనిన్ పెంచే ఫ్లూఓక్సెటీన్ ఇచ్చినా నెమ్మదించాయి. అంటే ఒకే మందు, ఒకే పెట్టె, జంతువు మెదడులో ఏ తలుపు ఉందో లేదో అన్నదాన్ని బట్టి అంకె పైకీ పోతుంది, కిందికీ పోతుంది.

ఎంకే-801, స్కోపొలమైన్, మార్ఫిన్

డోపమైన్ ప్రమేయం లేకుండా కూడా జంతువుని పరిగెత్తించవచ్చు. దీనికి పేరుమోసిన ఉదాహరణ ఎంకే-801, అంటే డైజోసిల్పైన్. ఇది గ్లూటమేట్ ఎన్‌ఎండీఏ రిసెప్టర్ రంధ్రంలో అడ్డుపడుతుంది. 1989లో మరియా కార్ల్‌సన్, ఆర్విడ్ కార్ల్‌సన్ చిట్టెలుకల మెదడులో డోపమైన్, నార్‌అడ్రినలిన్ నిల్వలని రిసర్పిన్‌తోనూ ఇతర మందులతోనూ ఖాళీ చేసి, కదలకుండా పడి ఉన్న ఆ జంతువులకి ఎంకే-801 ఇస్తే అవి లేచి తిరిగాయి. రిసర్పిన్ మన సర్పగంధి వేరులోంచి వచ్చిందే. రిసర్పిన్‌తో పడిపోయిన జంతువుల్ని ఎల్-డోపా లేపుతుందని 1957లో చూపింది కూడా ఆర్విడ్ కార్ల్‌సన్ బృందమే. ఆయనకి 2000లో నోబెల్ వచ్చింది.

ఎంకే-801 పరుగుని 5-హెచ్‌టీ2ఏ సెరటోనిన్ రిసెప్టర్ అవరోధకాలు బాగా తగ్గిస్తాయి. కొత్త తరం స్కిజోఫ్రీనియా మందులని జల్లెడపట్టడానికి ఈ మోడల్ వాడేది అందుకే. పెట్టె విషయానికొస్తే, చిట్టెలుకకి 0.1 నుంచి 0.3 మి.గ్రా. డోసుల్లో కౌంటు నమ్మదగ్గదే. అంతకు మించితే జంతువు తూలుతుంది, పక్కకి పడుతుంది, గుండ్రంగా తిరుగుతుంది. తూలుతూ కిరణాలు తెంచినా అంకె పడుతుంది. కాబట్టి రోటారాడ్ మీద కూడా పెట్టి, పడిపోయే సమయం తగ్గలేదని తేలిన డోసు దగ్గరే ఆగాలి.

స్కోపొలమైన్ మస్కరినిక్ రిసెప్టర్లని అడ్డుకుని, కిలోకి మిల్లీగ్రాము దరిదాపుల్లో చిట్టెలుకని హుషారెక్కిస్తుంది. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే, కానీ ప్రయోగం మొత్తాన్ని ముంచుతుంది. మెడికల్ షాపులో కడుపునొప్పి ఇంజెక్షన్‌గా దొరికే హయోసిన్ బ్యూటైల్‌బ్రోమైడ్ తెచ్చి ఇస్తారు. హయోసిన్ అంటే స్కోపొలమైనే కదా అని. బ్యూటైల్‌బ్రోమైడ్‌లో నైట్రోజన్ మీద శాశ్వతమైన ధనావేశం ఉంటుంది, అది రక్తం నుంచి మెదడులోకి దాటదు. పేగులు సడలుతాయి, కౌంటు మాత్రం కదలదు. కావలసింది హైడ్రోబ్రోమైడ్ లవణం. మెదడులోకి దాటని బంధువుని వేరే గుంపుగా పెట్టుకుంటే అదే మంచి కంట్రోల్ అవుతుంది, అది వేరే సంగతి.

మార్ఫిన్ మ్యూ రిసెప్టర్ల ద్వారా, డోపమైన్ న్యూరాన్లని అణిచిపెట్టే గాబా న్యూరాన్ల నోరు నొక్కి, పరోక్షంగా డోపమైన్ పెంచుతుంది. మనుషుల్ని మత్తులో ముంచే మందు సీ57బీఎల్/6 జాతి చిట్టెలుకని తోక నిక్కబొడుచుకుని ఉరికిస్తుంది. డీబీఏ/2 జాతిలో ఆ పరుగు దాదాపు కనబడదు. ర్యాట్‌లో ముందు మత్తు, తర్వాత పరుగు. జాతి పేరు రాయకుండా ‘చిట్టెలుకల్లో కౌంటు పెరిగింది’ అని రాసిన ఫలితాన్ని ఇంకో ల్యాబు తిరిగి రాబట్టలేకపోతే తప్పు పెట్టెది కాదు.

అవరోధకాలతో పని

రిసెప్టర్‌ని నిరూపించాలంటే అవరోధకం ముందు ఇచ్చి ఉత్తేజకం తర్వాత ఇస్తాం. నాలుగు గుంపులు తప్పవు: సెలైన్-సెలైన్, అవరోధకం-సెలైన్, సెలైన్-ఉత్తేజకం, అవరోధకం-ఉత్తేజకం. రెండో గుంపుని ఎగ్గొట్టడం అందరూ చేసే పొదుపు. ఎగ్గొడితే, అవరోధకం తనంతట తనే జంతువుని కూలబెట్టిందో, ఉత్తేజకం పనిని అడ్డుకుందో తేల్చే దారి మూసుకుపోతుంది. అవరోధకం డోసు ఒంటరిగా కౌంటుని మార్చకుండా, ఉత్తేజకం పెంచినదాన్ని మాత్రం దించాలి. ఆ కిటికీ ఇరుకుగా ఉంటుంది.

హాలోపెరిడాల్‌కి చిట్టెలుకలో 0.1 మి.గ్రా. దగ్గర మొదలుపెట్టండి. 1 మి.గ్రా.కి వెళ్తే కాటలెప్సీ, ముందరి కాళ్లు కమ్మీ మీద పెడితే తీసుకోకుండా అలాగే ఉండిపోతుంది. అలాంటి జంతువు ఏ మందుకీ పరిగెత్తదు. మి.లీ.కి 5 మి.గ్రా. ఆంప్యూల్ నుంచి 0.1 మి.లీ. తీసి సెలైన్‌తో 50 మి.లీ. చేస్తే, కిలోకి 10 మి.లీ. చొప్పున సరిగ్గా 0.1 మి.గ్రా. డోసు వస్తుంది. డి2 అవరోధకం అని డోంపెరిడోన్ వాడకండి, అది మెదడులోకి అంతగా చేరదు. క్లోర్‌ప్రోమజైన్ చేరుతుంది గానీ హిస్టమిన్ హెచ్1, ఆల్ఫా1 రిసెప్టర్లని కూడా పట్టుకుంటుంది. కౌంటు తగ్గితే అది డి2 వల్లా, నిద్రమత్తు వల్లా అన్నది చెప్పలేం. డి1 కోసం అందరూ వాడే ఎస్‌సీహెచ్ 23390కి కూడా 5-హెచ్‌టీ2సీ రిసెప్టర్‌ని ఉత్తేజపరిచే గుణం ఉంది. ఒక్క అవరోధకంతో కేసు మూసేయకుండా, వేరే రసాయన కుటుంబానికి చెందిన ఇంకో అవరోధకంతో కూడా అదే ఫలితం వస్తుందేమో చూడాలి.

నిర్వహణ, కొనుగోలు

ఈ పెట్టెకి పెద్ద శత్రువు మూత్రం. జాలీ నేల ఉన్న మోడల్‌లో అది కిందికి కారి తీగల్ని తుప్పుపట్టిస్తుంది. పళ్లెం బయటికి లాగి కడిగే వీలుందో లేదో కొనే ముందే చూడండి. ఎలుక పెంటికలు ఫోటోసెల్ ముందు పడితే ఆ కిరణం ప్రయోగం సాగినంతసేపూ తెగే ఉంటుంది, లెక్కకి ఒక్క అంకె మాత్రమే వస్తుంది. ప్రతి జంతువు తర్వాత పలచని ఆల్కహాల్‌తో తుడిచి, వాసన పూర్తిగా పోయేదాకా ఆగాలి. ముందటి జంతువు వాసన తర్వాతి దాని కదలికని మారుస్తుంది. ఆడ, మగ జంతువుల్ని ఒకే రోజు ఒకే పెట్టెలో పెట్టేవాళ్లు ఇది ముఖ్యంగా గమనించాలి. ప్రయోగ సమయం కూడా రోజూ ఒకటే ఉండాలి. ఇవి రాత్రి జీవులు, ఉదయం పదింటి కౌంటునీ సాయంత్రం ఆరింటి కౌంటునీ పక్కపక్కన పెట్టకూడదు.

వీడియో ట్రాకింగ్‌తో పోలిస్తే? దూరం, వేగం, గోడ పక్కన గడిపిన సమయం, ఆగిన సమయం అన్నీ విడివిడిగా ఇచ్చే సిస్టమ్ ముందు ఇది తేలిపోతుంది. డీప్‌ల్యాబ్‌కట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ 2018 నుంచి అందుబాటులో ఉంది. నల్ల నేల మీద తెల్ల చిట్టెలుక, పైన వెబ్‌క్యామ్, ఒక మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటరు ఉంటే చాలు. దాన్ని నేర్చుకునే ఓపిక ఉన్న విద్యార్థి ఒకరు ల్యాబులో ఉంటే కొత్త యాక్టోఫోటోమీటర్ కొనే డబ్బు కెమెరా మీద పెట్టడమే మేలు. అలాంటి విద్యార్థి లేకపోతే, లేదా రోజుకి ముప్ఫై జంతువులని కెఫీన్, డయజెపామ్ లాంటి తెలిసిన మందులతో జల్లెడపట్టాల్సి ఉంటే ఈ పెట్టే చాలు, వేగంగా పని జరుగుతుంది.

మార్కులు వేయమంటే, కెఫీన్‌కీ, తక్కువ డోసు ఆంఫెటమైన్‌కీ అయిదుకి నాలుగు. ఎంకే-801కి రోటారాడ్ తోడుంటే మూడు. పెద్ద డోసు ఆంఫెటమైన్‌కి కెమెరా లేకుండా ఒకటి, అది కూడా కౌంటరు తిరుగుతున్నందుకు. కొనుగోలు ఆర్డరులో నాలుగు మాటలు రాయించండి: ఇన్‌ఫ్రారెడ్ కాంతి, రెండు దిశల కిరణాలు, అయిదు నిమిషాల టైమ్-బిన్, పారదర్శక మూత. విడిగా రెండు అదనపు ఫోటోసెల్స్ కూడా అడగండి, ముందుగా చచ్చేవి అవే.